రెండున్నర టేపుల సందు

నెల్లిమర్ల మిల్లు వెనక మా సందు వెడల్పెంతో
ఇన్నేళ్ళూ ఎవరికీ అవసరం పడలేదు.
చర్చి గోడ ముందుకి జరుపుతామని
జెకర్యా పాస్టరుగారు ప్లాను తెచ్చి
నూకాలు చేపలబుట్ట పక్కన పరిచేసరికి
అందరికీ ఒకేసారి అనుమానం వచ్చింది.
పొడుగు టేపు ఎవరింట్లోనూ లేదు.
నా మెళ్ళో ఉంది, బట్టల టేపు,
అరవై అంగుళాలు,
మొదటి అంగుళం అరిగిపోయి అంకె కనబడదు.

"గవరయ్యా, నువ్వైతే ఏ పక్కోడివీ కాదు, కొలూ" అన్నారు.
ఏ పక్కా కాకపోవడమేటి?
డిసెంబర్లో వాళ్ళ పాటలు పాడే గుంటలకి తెల్ల గౌన్లు,
దసరాకి వీళ్ళ దీక్షల ఎర్రబట్టలు,
ఒకటే మిషను.
రెండు పక్కలా నాకు రావలసిన బాకీలున్నాయి.

వంగి కొలిచాను.
కాలవ అంచు నుంచి చర్చి మెట్టు దాకా
రెండు టేపులూ, ఇంకో సగం.
వాళ్ళకి కావలసింది ఒకటి.
మెట్టు ముందు జాగా తమదేనని పాత దస్తావేజు ఉంది,
చెదలు తిన్నంత మేర తప్ప.

"ఒకటే కదా" అంది సువార్తమ్మ.
"ఆదివారం ఆడోళ్ళం ఎండలో కూకుంటన్నాం,
వాక్యం సగమే ఇనబడతాది, మిగతా సగం ఆటోల మోత."
"ఒకటా!" అన్నాడు మజ్జి పోలినాయుడు.
మిల్లులో ముప్పయ్యేళ్ళు ఫిట్టరు,
లాకౌటై ఇంత కాలమైనా
మాటకి ముందు చెయ్యి లేపడం మానలేదు.
"అమ్మోరి ఘటాలు ఎలగెల్తాయి? డప్పులోళ్ళు ఎక్కడ తిరుగుతారు?"
మైకు సంగతి తేల్చండి ముందు, అని మేడ మీంచి ఒకాయన.
మీ గుడి అరుగు కాలవ మీదకి రాలేదేటి, అని కిందనుంచి ఇంకొకడు.
మిల్లు మూసేక మొక్కేవాళ్ళు పెరిగారు,
అక్కడా, ఇక్కడా.
ఆ మాట నాలో నేనే అనుకున్నాను.
జాకెట్టుకైతే కుట్టులోపల అరంగుళం వదుల్తాం,
ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి.
ఈ సందు గీసినవాడెవడో
పిసరు కూడా వదల్లేదు.

అప్పుడు నూకాలు, పొలుసు గోకుతూ, తలెత్తకుండా,
"పాడె తిరుగుతాదా?" అంది.

మూల మలుపులో. మిగిలిన ఒకటిన్నర టేపులో.
ఎవరి పాడె అని ఎవరూ అడగలేదు.
వాళ్ళది పెట్టె, మాది వెదురు.

సుద్దముక్కతో కొత్త గోడ గీసాను.
గీత మీద వరసగా సైకిళ్ళు నిలబెట్టారు.
పోలినాయుడింట్లోంచి నవారు మంచం వచ్చింది.
ముందు జెకర్యాగారూ పోలినాయుడూ,
వెనక సువార్తమ్మ కొడుకూ, మేడ దిగొచ్చిన ఆయనా.
ఖాళీ మంచం తేలిపోతోందని
నూకాలు మనవడు ఎక్కి పడుకున్నాడు,
కళ్ళు మూసి, నవ్వాపుకుంటూ.
దిగరా, అపశకునం, అని ఎవరో అరిచేలోపు
ఎనిమిది కాళ్ళూ కదిలిపోయాయి.

"కుడికి… కుడికి…"
"మీ వైపు కొంచెం ఎత్తండి పాస్టరుగారూ"
"నాయుడుగారూ, కాలవ, కాలవ!"
పొద్దుట్నుంచీ ఒకరి మాట ఒకరు వినడం
అదే మొదలు.

తిరిగింది.
ఆఖరి సైకిలు బెల్లుకి మంచంకోడు తగిలి
టింగుమంది.
గుంటడు కళ్ళు తెరిచి
"అయిపోనాదా?" అన్నాడు.

తిరిగిందని వాళ్ళు. తగిలిందని వీళ్ళు.
గురువారం మళ్ళీ కూర్చుందామని లేచారు.
జెకర్యాగారు ప్లాను మడుస్తుంటే
చేప పొలుసులు రెండు లోపలే ఉండిపోయాయి.

నేను కొట్టుకొచ్చి దీపం వేసుకున్నాను.
పోలినాయుడి కూతురి ఆది జాకెట్టు మీద టేపు పరిస్తే
తెల్లబట్టకి అడ్డంగా, సన్నగా,
సందు మట్టి అంటింది.
దులిపాను. పోలేదు.